నాలుగు చిల్లుల మిషను

చిన్నకోడలు కత్తెర కొత్త డ్రిల్లింగ్ మిషనును తెచ్చి కుట్టుబల్ల మీద పెట్టిందో లేదో, బావగారు మేడ దిగి వచ్చి దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి చూశారు, చచ్చిన ఎలకను తోక పట్టుకుని ఎత్తినట్టు.

"ఏమిటమ్మా ఇది? పిల్లలు ఆడుకునేదా?"

"గోడకి చిల్లులు పెట్టేది బావగారూ."

"దీంతోనా! ఇలాంటి చవక సరుకు కొనడం అంటే డబ్బు మురిక్కాలవలో పారేసుకోవడమే. మా స్టోర్సులో అయితే గుమ్మం తొక్కనిచ్చేవాణ్ణి కాదు."

బావగారు ఒక కంపెనీ స్టోర్సులో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. ఏ వస్తువు ఎన్నాళ్ళు మన్నుతుందో ఆయనకు చూడకుండానే తెలుసు. మేడ మీద ఆయన అటకలో, గట్టి పెట్టెలో, మెత్తటి గుడ్డ చుట్టి పడుకోబెట్టిన డ్రిల్లింగ్ మిషను ఒకటుంది. దాని గొప్ప విననివాళ్ళు ఆ వీధిలో లేరు. దాని చప్పుడు విన్నవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

కత్తెర ఆమె అసలు పేరు కాదు. కింది వాటా ముందుగదిలో బట్టలు కుడుతుంది. చేతిలోనూ కత్తెరే, నోట్లోనూ కత్తెరే అని ఆ పేరు పెట్టింది బావగారే. భర్త లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, అన్నగారి ముందు నోట్లో నాలుక లేనివాడు. ఏమడిగినా "అన్నయ్య చేస్తానన్నాడుగా, చేస్తాడులే" అంటాడు.

అన్నయ్య చేస్తానన్నది బాత్రూమ్ గోడకి ఒక స్టీలు కడ్డీ బిగించడం. వానలు మొదలైన కొత్తలో అత్తగారు అక్కడ కాలు జారి పడ్డారు. ఎముకలు విరగలేదు గానీ, ఆ సాయంత్రమే బావగారు స్క్రూడ్రైవరు తెచ్చి తలుపుకి లోపలున్న గడియ ఊడదీసి పట్టుకుపోయారు. "మళ్ళీ పడితే తలుపు తీసేదెవరు? కడ్డీ బిగించాక గడియ పెడదాం. ఆదివారం చేసేస్తాను" అన్నారు. వానలు వెలిసి చలి కూడా వచ్చేసింది గానీ ఆ ఆదివారం మాత్రం రాలేదు. కొన్న కడ్డీ కాగితమైనా విప్పకుండా బాత్రూమ్ మూల నిలబడి ఉంది.

అప్పటినుంచి అత్తగారు లోపలికి వెళ్తే ఎవరో ఒకరు బయట నిలబడి తలుపు లాగి పట్టుకోవాలి. మధ్యమధ్య "అయిందా?" అని అడుగుతుండాలి. అది బావగారి ఆర్డరు. అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసిన మనిషి. స్పృహలేని రోగికి బట్ట మార్చాలన్నా ముందు మంచం చుట్టూ తెర లాగందే చెయ్యి వేసేవారు కాదు. "తెర దగ్గర ఎవరూ నిలబడకూడదు, నడవండి" అని డాక్టర్ల చుట్టాలను సైతం తరిమేవారట. అలాంటి ఆవిడ, బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని ఇప్పుడు మంచినీళ్ళు తాగడం తగ్గించేశారు. పొద్దున పెట్టిన గ్లాసు పొద్దుగూకినా నిండుగానే ఉండటం చూసిన రోజు కత్తెరకి ఒళ్ళు మండిపోయింది.

"మీ మిషను ఇవ్వండి బావగారూ, నేనే బిగిస్తాను" అని అడిగింది. "అది ఒకరి చేతికిచ్చే వస్తువు కాదమ్మా" అన్నారాయన. సరే అని బజారుకి పోయి, కొట్లో అన్నిటికన్నా చవకది తెచ్చుకుంది.

"నా కుట్టు మిషను రోజంతా నడవాలి, అందుకని మంచిది కొన్నాను," అంది ఇప్పుడు, ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుంటూ. "దీంతో నాకు కావలసింది నాలుగు చిల్లులు. తర్వాత ఏడాదికోసారి దీని మొహం చూస్తానో లేదో. దానికి మహారాజుని పిలవాలా?"

"నాకెందుకులే, నువ్వే చూస్తావు" అని ఆయన మేడెక్కారు.

మొదటి పూట పరువు పోయింది. కత్తెర నేల పొడిగుడ్డతో తుడిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, మిషనుతోపాటు పెట్టెలో వచ్చిన, చిల్లు తొలిచే బిట్లలో ఒకటి బిగించి మీట నొక్కింది. బిట్టు నున్నటి టైల్ మీద సర్రున జారి వంకర గీత గీసింది. ఇంకా గట్టిగా నొక్కింది. కాలిన వాసన వచ్చింది, బిట్టు మొన గుండ్రంగా అరిగిపోయింది, టైల్‌కి మాత్రం చిల్లు పడలేదు. ఆ చప్పుడుకి బావగారు చెప్పులైనా వేసుకోకుండా దిగొచ్చారు.

"చెప్పానా? టైల్ కూడా పాడుచేశావు. కొట్టువాడు తీసుకుంటే తిరిగిచ్చెయ్. ఆదివారం నేను చూస్తాగా."

ఆయన వెళ్ళాక కత్తెర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఏడుపు కాదు, ఉక్రోషం. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న అత్తగారు తలొంచుకున్నారు.

"పోనీలేవే. నాకు అలవాటైపోయిందిలే."

ఆ మాట కత్తెరకి ములుకులా గుచ్చుకుంది. అలవాటైపోవడమేమిటి? ఆరునూరైనా ఈ కడ్డీ ఇవాళే గోడకి ఎక్కాలనుకుంది.

అరిగిన బిట్టును వేలితో తడుముతుంటే తన పనే గుర్తొచ్చింది. మొద్దుబారిన సూదితో కుడితే గుడ్డ పీక్కుపోతుంది గానీ కుట్టు పడదు. అప్పుడు మిషనును తిట్టరు, సూది మారుస్తారు. కుట్టు మిషనుతో ఊరికే ఇచ్చే సూదుల్ని ఆమె ఏనాడూ నమ్మింది కాదు. మరి దీంతో ఊరికే వచ్చిన బిట్టును ఎందుకు నమ్మింది? తనను తానే నాలుగు తిట్టుకుని, మళ్ళీ కొట్టుకి పోయి టైల్‌కని విడిగా అమ్మే మంచి బిట్టు ఒక్కటి తెచ్చింది.

ఈసారి బిట్టు జారకుండా టైల్ మీద టేపు అంటించి గుర్తు పెట్టింది. మీద పడి నొక్కకుండా మెల్లగా తిప్పింది. తెల్లటి పొడి రాలింది. టైల్ దాటాక గోడ మొండికేసింది గానీ కత్తెర అంతకన్నా మొండిది. ఒక చిల్లు పూర్తయ్యేసరికి మిషను ఒళ్ళు కాలిపోతోంది.

"ఇలా తే," అన్నారు అత్తగారు. అరచెయ్యి తిరగేసి దాని వీపు మీద పెట్టి చూశారు. "జ్వరంగా ఉంది. కాసేపు పడుకోనీ."

కత్తెరకి నవ్వాగలేదు. దాన్ని ఆవిడ ఒళ్ళోనే వదిలి, వెళ్ళి ఒక లంగా అంచు కుట్టి వచ్చింది. అత్తగారు మళ్ళీ చెయ్యి పెట్టి చూసి, "తగ్గింది. లేపు" అన్నారు. ప్రతి చిల్లుకీ ఇదే వైద్యం.

"ఇంకా అవలేదా?" పైనుంచి బావగారి కేక. "నాదైతే చిటికెలో అయ్యేది!"

"మీది కిందికి దిగదుగా బావగారూ!" అని కత్తెర కిందనుంచే సమాధానం చెప్పింది.

నాలుగో చిల్లు పడింది. చిల్లుల్లోకి ప్లగ్గులు దిగాయి, స్క్రూలు బిగిశాయి. అప్పుడు దిగొచ్చారు బావగారు, చంకలో తన పెట్టెతో సహా. పెట్టె కింద పెట్టి, కడ్డీ పట్టుకుని లాగి చూశారు. తర్వాత రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి వేలాడారు. మొహం ఎర్రబడింది గానీ కడ్డీ కదల్లేదు.

"ఇప్పటికి నిలిచింది, సరే. ఈ మిషను మాత్రం ఏడాది కూడా మన్నదు, చూస్తూ ఉండండి."

"మన్నకపోతే పోనీరా," అన్నారు అత్తగారు. గొంతు పెద్దగా లేదు. "కలకాలం మన్నేది నీ అటక మీద హాయిగా నిద్రపోయింది. నేను ఇన్నాళ్ళూ తలుపవతల మనిషిని పెట్టుకుని లోపల సిగ్గుతో చచ్చాను. నా గడియ తెచ్చివ్వు."

బావగారు పెట్టె మీద చెయ్యి వేశారు. "అదికాదమ్మా, నువ్వు మళ్ళీ పడితే..."

"పడితే కేకేస్తాను. వచ్చి తలుపు తొలిచెయ్యి. అప్పుడైనా నీ మిషనుకి ఒక పని దొరుకుతుంది."

ఆయన వెళ్ళి గడియ తెచ్చారు. తలుపుకున్న పాత చిల్లులు వదులైపోయాయి. అందుకని కత్తెర కాస్త కిందికి, ఒక చెయ్యి కడ్డీ మీద ఉండగానే రెండో చేతికి అందేలా చూసి, కొత్త చిల్లులు పెట్టి బిగించింది. పెట్టెలో ఊరికే వచ్చిన మిగతా బిట్లు చెక్కకి శుభ్రంగా పనికొచ్చాయి.

అత్తగారు పొద్దుటి గ్లాసు అందుకుని, పెద్దకొడుకు కళ్ళలోకి చూస్తూ గుటకగుటకగా ఖాళీ చేశారు. లేచి లోపలికి వెళ్ళారు. తలుపు పడింది. గడియ పడింది. బావగారి చెయ్యి అలవాటుగా తలుపు పిడి మీదికి పోయింది.

"అయిం..."

"తెర దగ్గర ఎవరూ నిలబడకూడదు!" లోపలినుంచి హెడ్ నర్సు గొంతు ఖంగుమంది. "నడవండి!"

బావగారు పెట్టె చంకన పెట్టుకుని నడిచారు.