రాతి మీద తప్పుగా విరిగిన మాట

సముద్రపు కట్ట తెగి ఊరు మునిగి యాభై ఏళ్లయిందని, పోయినవాళ్ల పేర్లతో కట్ట మీద రాయి నిలబెట్టాలనుకున్నారు. నా భర్త లేన్దర్ట్ ఆ పని చూసే కమిటీలో ఉన్నాడు. నమూనా కాగితం మా వంటింటి బల్ల మీద పెట్టాడు. అత్తయ్య తమ్ముడు క్రైన్ పేరు మూడోది.

రాయి సన్నం కాబట్టి, పేర్లకు పైన ఉన్న డచ్ మాటను రెండు వరుసలుగా విరిచారు.

"లేన్, ఇది దైక్-రాంప్. కట్ట విపత్తు. 'క' పై వరుసలో ఉండాలి. వీళ్లు దై-క్రాంప్ అని విరిచారు. అంటే తొడ పట్టేయడం."

"విరిచింది కంప్యూటర్. దానికంటే నీకెక్కువ తెలుసా? ఊళ్లో ఎవరైనా అలా చదువుతారా?"

బంగాళాదుంపలు అడుగంటుతున్న వాసన వచ్చింది. నేను పొయ్యి వైపు తిరిగాను.

కట్ట తెగిన రోజైన ఫిబ్రవరి ఒకటిన రాయి మీది గుడ్డ లాగారు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన పైకే చదివాడు.

"దై-క్రాంప్! అయ్యో పాపం, ఇంతమందికీ ఒకేసారి తొడ పట్టేసిందా?"

చుట్టూ నవ్వారు. మా ఊరివాళ్లు కూడా. అత్తయ్య యాకోమినా చేతిలోని పూలు రాయి దగ్గర పెట్టకుండానే ఇంటికి తెచ్చేసింది.

నేను అక్కడే లేన్దర్ట్‌ని నిలబెట్టి అడిగాను. తల దించుకుని, మళ్లీ చెక్కిస్తానన్నాడు.

ఇంటికొచ్చి కాఫీ పోస్తూ ఆ మాట అత్తయ్యకు చెప్పాను.

"వద్దు," అంది.

"నవ్వుతున్నారు, అత్తయ్యా."

"నవ్వనీ." బిస్కెట్టును కాఫీలో ముంచి అలాగే పట్టుకుంది. "ఇంటికప్పు మీద నేను, నీళ్లలో క్రైన్. చెయ్యి పట్టుకున్నాను. 'అక్కా, తొడ పట్టేసింది, గట్టిగా పట్టుకో' అన్నాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. చెయ్యి నొప్పెట్టింది."

బిస్కెట్టు నాని కప్పులో పడిపోయింది.

"అలలు లాక్కెళ్లాయని అమ్మకు చెప్పాను. అందరికీ అదే చెప్పాను. ఆ రాయి ఒక్కటే సరిగ్గా చెప్పింది."

ఆ సంగతి లేన్దర్ట్‌కి చెప్పొద్దంది. కారణం చెప్పకుండా పని ఆపమంటే అతను వినలేదు. "తప్పని మొదట పట్టుకున్నది నువ్వే కదా!" అన్నాడు.

వసంతంలో రాయి మొహం అరగదీసి మళ్లీ చెక్కారు. ఒక్కో అక్షరం వేలు పెట్టి చూశాను. 'క' పై వరుసలోకి వెళ్లింది. ఎక్కడా తప్పు లేదు.

అత్తయ్య మాత్రం రోజూ నాతో కట్ట మీదికి నడకకు రావడం మానేసింది.