పావు తిప్పు

పెద్ద స్పానర్‌తో షెడ్డులోని పాత కారు ఇంజనుని చేత్తోనే రెండు చుట్లు తిప్పి, గుర్తుకు గుర్తు కలిసిందని చూసుకున్నాక, ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడ్డాడు. పొద్దున్న ఎనిమిదయింది. లోపలి భాగాలన్నిటినీ ఒకే లయలో తిప్పే పళ్ల పట్టీ టైమింగ్ బెల్టు. దాని బిగువు ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మనుషుల్లాగే అది కూడా వేడి మీద ఉన్నప్పుడు నిజం చెప్పదు.

బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి నిరుడే రిటైరయ్యాడు. డిపోలో ఆయన అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన పావుతిప్పు మేస్త్రి. బెల్టుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెలితిప్పితే సరిగ్గా పావు చుట్టు తిరిగి ఆగాలి. ఇంకా తిరిగితే వదులు, అంతవరకూ రాకపోతే బిగువెక్కువ. ఒకసారి డిపోకి బిగువు కొలిచే పరికరం కొత్తగా వస్తే, ఈయన వేళ్లతో సరిచూసి, అదీ పరవాలేదని తేల్చి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ వేళ్లకి అంత పరువు. ఇంట్లోనూ అన్నీ పావు లెక్కే. టీలో చక్కెర పావు చెంచా, కోపం పావు, సంతోషం పావు. పెళ్లి ఫొటోలో నవ్వింది కూడా పావేనని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

కారుకి రెండే సీట్లు, గుడ్డ కప్పు. ఒకప్పటి ఎరుపు వెలిసి ఇటుక రంగులోకి దిగింది. పదకొండేళ్ల కిందట, తుక్కు దుకాణంలో కోళ్లు కాపురముంటున్న దాన్ని తాడు కట్టి ఈడ్చుకొచ్చాడు. అప్పట్నించి ఆదివారాలన్నీ దానివే. పక్క గదిలో బట్టలు కుట్టే భార్య దాన్ని సవతి అంటుంది. ఎవరైనా ఆయన కోసం వస్తే, సవతి దగ్గరున్నారని షెడ్డు వైపు చెయ్యి చూపిస్తుంది.

ఆ సవతి ఇవాళ వెళ్లిపోతోంది. కొనుక్కున్న పళ్ల డాక్టరమ్మ పదకొండింటికి వచ్చి, కొండదారిలో వాళ్ల ఊరికి తనే నడుపుకుని వెళ్తానంది. అంత కిందికి దిగి కూర్చోవడానికి మోకాళ్లు సహకరించట్లేదని, అందుకే అమ్మేశానని ఆయన అందరికీ చెప్పాడు. మోకాళ్లు నిక్షేపంలా ఉన్నాయి. మొద్దుబారింది వేళ్లు. సూది గుచ్చుకుంటే రక్తం చూశాక గానీ తెలియట్లేదు. అయితే ఈ రెండు నెలలుగా చొక్కా గుండీలు ఒక్క ప్రయత్నంలోనే పడుతున్నాయి. చెయ్యి కుదుటపడుతోందని ఆయన లోలోపల తెగ సంబరపడ్డాడు. ఆ ధైర్యంతోనే, కొత్త బెల్టు తన చేత్తోనే వేసి పంపిస్తానని డాక్టరమ్మకి మాటిచ్చాడు.

బెల్టు పట్టుకుని మెలితిప్పాడు. పావు దగ్గర ఆగినట్టే ఉంది. నట్టు బిగించాడు. ఎందుకో తృప్తి కలగలేదు. మళ్లీ తిప్పి చూశాడు. బెల్టు వదులై కొండ మలుపులో ఒక్క పన్ను జారిందంటే లోపల వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజను తుక్కయిపోతుంది. డాక్టరమ్మ నడిరోడ్డు మీద ఆగిపోతుంది, వెనక ఏ లారీ వస్తుందో ఏమో. ఆ ఆలోచన రాగానే ఆయన నాలుగోసారి చెయ్యి పెట్టాడు.

భార్య టీ తెచ్చింది. మెడలో కొలత టేపు, పెదవుల మధ్య గుండుసూది. సూది తీసి జాకెట్టుకి గుచ్చుకుని, ఎన్నిసార్లు చూస్తారని అడిగింది. అయిపోయిందని, సరిగ్గా పావేనని ఆయన చెప్పాడు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, చెయ్యి తుడుచుకుని, బానెట్ కిందికి వంగి బెల్టుని రెండు వేళ్లతో పట్టుకుంది. పదకొండేళ్లలో ఆమె కారుని ముట్టుకోవడం అదే మొదలు. బెల్టు పావు దాటి దాదాపు అర చుట్టు తిరిగింది.

"ఇది వదులండీ," అంది. "నా మిషను బెల్టు ఇంత వదులుంటే, ఎంత తొక్కినా సూది కదలదు."

ఆయనకి కోపం వచ్చింది. ముప్పై నాలుగేళ్ల వేళ్లవి. మళ్లీ బెల్టు పట్టుకుని ఈసారి కళ్లతో చూస్తూ తిప్పాడు. పావు దగ్గర అలవాటు కొద్దీ ఆగింది తన బొటనవేలు. బెల్టు ఆగలేదు.

"వేళ్లకి తెలియట్లేదు," అన్నాడు. "చాలా నెలలైంది. ఈమధ్య తగ్గిందనుకున్నాను. గుండీలు పడుతున్నాయిగా."

ఆమె ఆయన చొక్కా అంచు సవరించింది. "కాజాలన్నీ నేనే కోసి వెడల్పు చేశాను," అంది. "మీరు అద్దం ముందు అవస్థ పడుతుంటే చూళ్లేక. అది చూసి చెయ్యి బాగైందనుకుంటారని నాకేం తెలుసు?"

ఆయన తన చొక్కా వంక చూసుకున్నాడు. ప్రతి కాజా చుట్టూ కొత్త దారం, అదే రంగు, కనీకనపడనంత సన్నగా ఉంది. రెండు నెలలు కళ్ల ముందే ఉన్నదాన్ని చూడలేదు. సిగ్గేసింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. ఆమె మీద గుండె నిండా ప్రేమ కలిగింది, పావు లెక్కకి లొంగనంత.

టీ చల్లారిపోయింది. ఆయన నట్టు వదులు చేసి ఇనప కమ్మీతో, బెల్టుని బిగించే రోలరుని దాని మీదికి నొక్కుతుంటే, ఆమె బెల్టు మెలితిప్పి చూస్తూ, ఇంకా అంది. ఇంకొంచెం అంది. మళ్లీ వెనక్కి రమ్మంది. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఇద్దరూ ఒకే పని మీద తలలు ఆనించి వంగింది లేదు.

"ఆగండి. ఇదీ పావు."

బిగించాడు. ఇంజనుని మళ్లీ రెండు చుట్లు తిప్పాడు. ఆమె మళ్లీ చూసింది. మారలేదు.

పదకొండు దాటాక డాక్టరమ్మ వచ్చింది. అన్నీ మీ చేత్తోనే చేశారు కదా అని అడిగింది. అవునంటే సరిపోయేది. భార్య కూడా అలాగే అనమన్నట్టు చూసింది.

"బెల్టు వేసింది నేనేనమ్మా. బిగువు చూసింది మాత్రం ఈవిడ. నా వేళ్లకి స్పర్శ పోయింది."

డాక్టరమ్మ హాస్యమనుకుని నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానేసింది. పరాయి మనిషి దగ్గర ఆ మాట అనడం ఆయనకి అదే మొదలు. అనేశాక ఒళ్లు తేలికపడింది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక బిగువు మరోసారి చూడాలని చెప్పాడు. ఎక్కడికి తీసుకురావాలని ఆమె అడిగింది.

"ఇక్కడికే. నేను నట్టు వదులు చేస్తాను, ఈవిడ చూస్తుంది."

తప్పకుండా వస్తానని డాక్టరమ్మ ఎక్కింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. వీధి చివర గేరు మారిన చప్పుడు ఇద్దరూ గేటు దగ్గర నిలబడి విన్నారు. మలుపు తిరిగాక కూడా కాసేపు వినిపించి, తర్వాత లేదు. సవతి పోరు వదిలింది కదా అని ఆయన అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ, పొగ పడిందంది.

షెడ్డులో నేల మధ్య వెడల్పాటి స్టీలు పళ్లెం ఒకటి మిగిలింది. ఇంజను కింద కారే నూనె కోసం ఎప్పుడో ఆయన వంటింట్లోంచి ఎత్తుకొచ్చినది. ఆడపడుచు పట్టుకుపోయిందనుకుని, ఆమె ఒక ఏడాదంతా ఆడపడుచుతో ముభావంగా ఉంది. ఆయన తల వంచుకుని చీవాట్ల కోసం నిలబడ్డాడు. ఆమె వంగి పళ్లెం అంచు పట్టుకుంది, చూసింది, మళ్లీ నేల మీదే పెట్టేసింది. వెయ్యి కిలోమీటర్లు తిరగడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. రెండు నెలలు పట్టొచ్చన్నాడు. ఆమె కారు మళ్లీ వచ్చినప్పుడు ఇంజను ఆగే చోటు చూసుకుని, పళ్లాన్ని కాలితో జానెడు అవతలికి జరిపింది. అందులోని నల్లటి నూనె ఒకసారి ఊగి, నెమ్మదిగా నిలిచింది.