ఒక్క గుక్కలో

కట్టుడు పళ్ళు చేసే ఆయన్ని అందరూ పళ్ళ మేస్త్రి అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళ కిందట ఆయన గాయకుడు. నలుగురు కలిసి కట్టిన హార్డ్ రాక్ బ్యాండులో ముందు నిలబడి పాడేవాడు. వాళ్ళ పాటలు పదింట్లో తొమ్మిది గాలికి పోయినా, ఒకటి మాత్రం ఊరూరా తిరిగింది. దాని చివర మేస్త్రి తీసే కేక కోసం జనం క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ వినేవాళ్ళు. ఆయన భార్య మనసు పారేసుకున్నది కూడా ఆ కేక దగ్గరే.

ఆ పాటను ఇప్పుడొక హెవీ మెటల్ బ్యాండు మళ్ళీ పాడి విడుదల చేసింది. కబురు మోసుకొచ్చినవాడు బావమరిది. ఆ రోజుల్లో డ్రమ్స్ వాయించినవాడు, పాటకు బాణీ కట్టినవాడు కూడా అతనే. అందుకని బ్యాండువాళ్ళు అతన్నే అనుమతి అడిగారు. పాడిన మనిషిని అడగాలని ఎవరికీ తోచలేదు. మేస్త్రికి మొదట గుచ్చుకున్న ముల్లు అదే.

అసలు మంట పాట విన్నాక మొదలైంది. వేగం సగానికి సగం తగ్గించేశారు. గిటార్ల తీగలు ఎంత వదులు చేశారో, ఒక్కో దెబ్బకు పని బల్ల మీద పళ్ళ అచ్చులకు వాడే మైనం గిన్నె కూడా వణికింది. ఆ మోత మధ్యలోంచి ఒక ఆడగొంతు, కడుపులోంచి గరగరమంటూ లేచింది. బాగాలేదని చెప్పడానికి మేస్త్రి రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. బాగుంది. అదే ఆయన బాధ.

వారం తిరిగేసరికి పక్క బల్ల దగ్గర పళ్ళకు మెరుగు పెట్టే ఆవిడ ఫోనులో అదే పాట. ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతూ తీసే కూనిరాగం కూడా అదే, అదీ కొత్తవాళ్ళ నడకలో, నింపాదిగా. ఆయనకు ముద్ద దిగలేదు. చేసిన పళ్ళసెట్టు పైవరస కింది వరసతో కలవక రెండుసార్లు వెనక్కి వచ్చింది.

ఒక ఆదివారం బావమరిది ఆయన్ని బలవంతంగా ఆ కొత్త బ్యాండువాళ్ళు సాధన చేసే చోటికి తీసుకెళ్ళాడు. అదొక పాత తివాచీల గోదాము. పాడే అమ్మాయి పగలు సిటీ బస్సు నడుపుతుంది. స్నేహితులు ఆమెను బొంగురు అని పిలుస్తారు. మేస్త్రిని చూడగానే లేచి నిలబడి తన కుర్చీ ఇచ్చింది. చివరి కేక తాను మధ్యలో ఊపిరి తీసుకుని రెండు ముక్కలుగా పాడుతున్నానని, అది తప్పో ఒప్పో చెప్పమని అడిగింది.

నిజానికి ఆ కేక మేస్త్రి కూడా ఏనాడూ ఒక్క గుక్కలో తీయలేదు. స్టూడియోలో రెండు ముక్కలు పాడితే రికార్డింగు చేసినాయన అతికించాడు. వేదిక మీద రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ గొంతు చీలి, ఆపైన ఆ కేక వచ్చిన ప్రతిసారీ మైకును జనం వైపు తిప్పేసేవాడు. స్టూడియో అతుకు గుట్టు మాత్రం బావమరిదికి కూడా తెలియదు.

"నేనెప్పుడూ ఆపలేదమ్మా," అన్నాడు మేస్త్రి. "ఒక్క గుక్కలో పాడలేకపోతే ఆ పాట ముట్టుకోకూడదు."

అమ్మాయి బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చేదాకా మేస్త్రి మనసు తేలిగ్గా ఉంది. పదిమందిలో దాని గొంతు కూడా చీలితే గాని ఎవరు గొప్పో తేలదని లోలోపల అనుకున్నాడు.

రెండు వారాల తరువాత మైదానంలో కచేరీ. ఎండ ఇంకా తగ్గలేదు. మేస్త్రి, భార్య మూడో వరసలో కూర్చున్నారు. పాట చివరికి వచ్చింది. అమ్మాయి కళ్ళు మూసుకుని కేక ఎత్తుకుంది. ఇక్కడ ఆగుతుంది, ఇదిగో ఇక్కడ తెగుతుంది అని మేస్త్రి పిడికిలి బిగించి ఎదురుచూశాడు. అది ఆగలేదు, తెగలేదు. ఆయన అతుకు వేయించుకున్న చోటు దాటి, ఇంకా పైకి పోయి, తాపీగా దిగింది. జనం లేచి నిలబడ్డారు. భార్య కూడా లేచింది. తేలు కుట్టిన దొంగలా ఆయనొక్కడే కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రం భార్యకు దాచకుండా అంతా చెప్పేశాడు. ఆవిడ, ఆ పిల్లకు చెప్పారా అని మాత్రం అడిగింది.

మర్నాడు మేస్త్రి పని మానేసి, ఆ అమ్మాయి నడిపే బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయాక నోరు విప్పాడు. ఆ కేక అతుకుల బొంత అన్నాడు. తాను అబద్ధం చెప్పానన్నాడు.

"తెలుసు సార్," అంది అమ్మాయి ఇంజను ఆపుతూ. "హెడ్‌ఫోన్స్‌లో వింటే అతుకు దొరికిపోతుంది. అయినా అంతటివాళ్ళు చెప్పారు కదా, ప్రయత్నిద్దాం అనుకున్నా. కానీ అబద్ధం ఎందుకు?"

"కుళ్ళు," అన్నాడు మేస్త్రి. ఆ మాట ఇంత తేలిగ్గా బయటికి వస్తుందని ఆయన అనుకోలేదు.

అమ్మాయి నవ్వలేదు. స్టీరింగు మీద చేతులు తీసి ఆయన వైపు తిరిగింది.

"నాకూ ఉంది సార్ మీ మీద. రెండో చరణంలో మీ గొంతు మెత్తగా తేలుతుంది చూడండి, అది నాకు చచ్చినా రాదు. అందుకే అక్కడ గరగరలాడిస్తాను. జనం అదే స్టైలు అనుకుంటున్నారు."

మేస్త్రికి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే పట్టరానంత సంతోషించాడు. నేర్పుతారా అని ఆమె అడిగితే, మాట పూర్తికాకముందే సరేనన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం గోదాముకు వెళ్ళి నేర్పాడు. దవడ ఎలా వదలాలో, మాట చివర ఊపిరి ఎంత మిగుల్చుకోవాలో ఓపిగ్గా చూపించాడు. అన్నీ చెప్పాడు గాని, రెండో చరణంలో గొంతు తేల్చే అసలు కిటుకు ఒకటి మాత్రం నాలుక చివరిదాకా తెచ్చి మింగేసేవాడు. అది చెప్పడానికి ఆయనకు ఇంకో నెల పట్టింది.