చంద్రమ్మ కూర్చున్న గడప

పాలు కాగి చల్లారుతున్నప్పుడు చిటికెన వేలు ముంచి చూడాలి. పది లెక్కపెట్టేదాకా వేలు ఓర్చుకుంటే తోడు వేయొచ్చు. మరీ వేడిగా ఉంటే పెరుగు విరిగినట్టవుతుంది, చల్లారిపోతే అసలు తోడుకోదు. బహదూర్‌పురాలో మా ఇంట్లో యాభై రెండేళ్లుగా ఆ వేలు నాది. రంజాన్ నెలలో మధ్యాహ్నానికల్లా మా షాపులో పెరుగు గిన్నెలు ఖాళీ అయిపోతాయి. అయినా ఎవరైనా చుట్టాలు వచ్చి, అమ్మ ఏం చేస్తుందని అడిగితే, నా కొడుకు బాలరాజ్ "ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది" అంటాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు.

వాళ్ల నాన్న పేరు నేను పలకను. షాపు బోర్డు మీద ఉంది, మైసయ్య పాల కేంద్రం అని. మా వాళ్లలో భార్య భర్త పేరు పలకదు, భర్త భార్య పేరు పలకడు. కొత్తలో ఆయనకు నేను "ఇగో"ని. బాలరాజ్ పుట్టాక "బాలరాజ్ అవ్వ"నయ్యాను. అత్తగారికి "పిల్ల"ని. మామగారికైతే ఆ మాటా అక్కర్లేదు, దగ్గేవాడు. రెండుసార్లు దగ్గితే చాయ్ కావాలని, మూడుసార్లు దగ్గితే ఎవరో వచ్చారని.

మనవడు సాయికుమార్ ఈమధ్య ఆదివారాలు ఏదో క్లాసుకు పోతున్నాడు. వ్యాపారంలో పైకి రావాలంటే గొప్పవాళ్ల జీవితాలు తెలుసుకోవాలని అక్కడ చెప్పారట. ఫలక్‌నుమాలో రెండో షాపు తెరవాలని వాడి ఆశ. గల్లాపెట్టె వెనక గోడకు ఫోటోలు అతికించాడు. రోడ్డు మీద గొడుగులు బాగుచేసి ఫ్యాక్టరీ పెట్టినాయన, పదో తరగతి తప్పి బస్సులు నడిపించినాయన, ఇట్లా. అందరూ "ఆయన"లే. ఒకరోజు నన్నూ అడిగాడు, మీ కాలంలో గట్లాంటోళ్లు ఎవరున్నరు నానమ్మా అని.

చంద్రమ్మ అన్నాను.

"బర్రెలకు పురుడు పోసే చంద్రమ్మనా?" అని పడీ పడీ నవ్వాడు. "ఆమె కంపెనీ ఎంత పెద్దది నానమ్మా?"

నేనూ నవ్వాను. నా పెళ్లయిన కొత్తలో మా పెరట్లో నాలుగు బర్రెలుండేవి. తెల్లవారుజామున దగ్గర్లోని జూలో సింహం అరిస్తే మొదట్లో నేను ఉలిక్కిపడేదాన్ని, బర్రెలు మాత్రం నెమరు ఆపేవి కావు. నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడు, ఒక బర్రె పొద్దుటి నుంచి ఈనలేక ఒకటే అరుపు. దూడ అడ్డం తిరిగింది. ఫలక్‌నుమా రైలు పట్టాల పక్క నుంచి చంద్రమ్మను పిలిపించారు. మొగుడు లేడు, చదువు లేదు, బుట్టలో ఆముదం సీసా, తాడు, పాత చీర ముక్క. ఆడది బర్రె కడుపులో చెయ్యి పెట్టడమేందని కులంలో ఎంత లొల్లి చేశారో, బర్రెకు కష్టం వస్తే అంత పరుగున ఆమె దగ్గరికే పోయేవాళ్లు.

ఆమె వచ్చి మా గడప మీద కూర్చుంది. మా ఆయన "ఓయమ్మా, లోపటికి దా" అన్నాడు. ఆమె తమలపాకు తీసి సున్నం రాసుకుంది.

"ఎవర్ని పిలుస్తున్నవ్ పటేలా?"

"నిన్నే."

"నాకు పేరున్నది."

లోపల బర్రె అరుస్తోంది. మామగారు దగ్గాడు. ఆ దగ్గుకు ఆమె లేవలేదు. మా ఆయన ముఖం కందగడ్డ చేసుకుని, "చంద్రమ్మా, రా" అన్నాడు. వెంటనే లేచింది. అరగంటలో దూడ బయటపడింది. చేతులు కడుక్కున్నాక చాయ్ ఇస్తే కింద కూర్చోలేదు, కుర్చీ వేయమంది. వేశాను. అప్పుడు నా వైపు చూసి, నీ పేరేంది బిడ్డా అంది. ఆ ఇంటికి వచ్చిన ఎనిమిది నెలల్లో నా పేరు అడిగిన మొదటి మనిషి ఆమే. చెప్పాను. "మంచిగున్నది. పేరు తెల్వని మనిషికి ఎవరూ కుర్చీ వెయ్యరు, యాదుంచుకో" అని చాయ్ తాగి వెళ్లిపోయింది. తరవాత రెండు గదుల ఇల్లు కట్టుకుని తలుపు పైన తన పేరు రాయించుకుందని విన్నాను. నీకు చదవరాదు గదా అని అడిగితే, చదివేటోళ్లకు తెల్వాలె గదా అందట.

యాదుంచుకున్నాను గానీ ఏం చేశాను? ఏమీ చేయలేదు. పెరుగు తోడేశాను.

సాయికుమార్ భార్య నందిని బీకాం చదివింది. మూడేళ్లుగా తోడు వేయడం నా దగ్గర నేర్చుకుని, ఇప్పుడు నాకన్నా బాగా వేస్తోంది. ఏ గల్లీలో ఎవరింట్లో దావత్ ఉందో, ఎవరికి పులుపు నచ్చదో దానికే తెలుసు. ఫలక్‌నుమా షాపులో తాను కూర్చుంటానని మొన్న మెల్లగా అడిగింది. "ఇంటి కోడలు గల్లాపెట్టె మీద కూసుంటదా? నలుగురు ఏమంటరు?" అన్నాడు బాలరాజ్. సాయికుమార్ గోడ మీద గొడుగులాయన వైపు చూస్తూ నిలబడ్డాడు. నందిని లోపలికి వచ్చి, ఏమీ కానట్టు బియ్యం ఏరడం మొదలుపెట్టింది. అప్పటికే ఏరిన బియ్యమే. నేనూ అట్లా ఎన్నిసార్లు ఏరానో.

తెల్లారితే కొత్త షాపు తెరుస్తారనగా, నిన్న సాయంత్రం పది గిన్నెల పాలు కాచి వరండాలో పెట్టాం. ఇంట్లో ఉన్న ఒక్క తోడు గిన్నెను ఒళ్లో పెట్టుకుని నేను గడప మీద కూర్చున్నాను. నడుము నొప్పి అనుకున్నారు మొదట.

"నానమ్మా, పాలు సల్లారుతున్నయి" అన్నాడు సాయికుమార్.

"ఆ, సల్లారుతయి" అన్నాను.

పాకెట్ పెరుగు తెచ్చి తోడేద్దామన్నాడు. మొదటి రోజే రుచి మారితే గిరాకీ మళ్లీ మన మెట్టు ఎక్కదని బాలరాజే ఆపాడు. నన్ను బతిమాలాడు, తరవాత కోప్పడ్డాడు. చివరికి మా ఆయన కర్ర పట్టుకుని వచ్చి, "ఓయ్, లే" అన్నాడు.

"ఎవర్ని పిలుస్తున్నరు?" అన్నాను.

ఆయనకు వెంటనే అర్థమైంది. చంద్రమ్మను ఆయనా మరిచిపోలేదు. ఒక గిన్నె మూత తీసి చూశాడు. కొడుకు వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు, అచ్చం మా మామగారిలా దగ్గాడు. నేను కదలలేదు.

"రుక్మాబాయీ" అన్నాడు.

యాభై రెండేళ్ల తరవాత నా పేరు ఆయన నోట్లోంచి కొత్త చెప్పులా కరుచుకుంటూ వచ్చింది. నవ్వు వచ్చింది నాకు, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. కానీ లేవలేదు.

"నన్ను గాదు. రేపు ఆ షాపుల కుర్చీ ఎవరిదో ఆమెను పిలువుండ్రి. పేరు పెట్టి."

బాలరాజ్ ఏదో అనబోయాడు. మా ఆయన కర్ర ఎత్తి ఆపాడు. వంటింటి వైపు తిరిగి, "నందినీ, ఇటు రా బిడ్డా. రేపటి నుంచి తాళాలు నీ దగ్గరనే ఉంటయి" అన్నాడు. సాయికుమార్ జేబులోంచి తాళాలు తీసి పెళ్లాం చేతిలో పెట్టాడు. మెల్లగా నా పక్కకు వచ్చి, చంద్రమ్మ ఫోటో ఉందా నానమ్మా అని అడిగాడు. ఫోటో లేదు, పేరు రాసి పెట్టు అన్నాను.

నందిని తాళాలు కొంగుకు కట్టుకుంది. పాల దగ్గర కూర్చుని చిటికెన వేలు ముంచింది. నేను మనసులో పది దాకా లెక్కపెట్టాను.

"తోడుకు సరిపోను వేడి ఇంకా ఉన్నది నానమ్మా" అంది.

తోడు గిన్నె ఆమె చేతికిచ్చాను.