అయివారు రాసిన తేదీ

"జీతం లేని పనికి ఇంత ముస్తాబెందుకో" అన్నాడు భర్త జయచంద్ర, ఇడ్లీని చట్నీలో అద్దుకుంటూ. భానుశ్రీ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ నవ్వి ఊరుకుంది. పెళ్లయిన ఈ పదహారేళ్లలో ఇంట్లో చేసిన చాకిరీకి ఏ ఒకటో తారీఖున జీతమొచ్చిందని! ఆ లెక్కన ఇంటర్న్‌షిప్ ఆమెకు కొత్తేమీ కాదు. కాకపోతే ఇది నెలరోజుల్లో అయిపోతుంది, చివర్లో ఒక సర్టిఫికెట్టు కూడా ఇస్తారు.

అత్త శకుంతలమ్మ రోజూ అనే మాటే ఆరోజూ అంది. "ముప్పై నాలుగేండ్లకు లాయరు సదువంట. కోర్టుల సుట్టూ తిరిగే ఆడదానికి ఇల్లు గుర్తుంటాదా?" గుర్తుండబట్టే కదా, అయిదింటికి లేచి నాలుగు క్యారియర్లు కట్టి, ఈవిడ బీపీ మాత్ర కూడా మంచినీళ్ల పక్కన పెట్టి బయల్దేరింది! ఆ జవాబు పైకి చెప్పలేదు గానీ, బస్సెక్కేదాకా లోపల చెబుతూనే ఉంది.

తిరుపతి లా కాలేజీ వాళ్లు ఆమెనూ, ఆమె క్లాసులోనే చదివే రఘునాథ్‌నూ పిల్లల కేసులు చూసే కమిటీకి పంపారు. పిల్లలు ఏడిస్తే ఓదార్చడం ఆమె వంతు, ఆర్డర్లు రాయడం రఘునాథ్ వంతు. అలా పంచుకోమని ఎవరూ చెప్పలేదు, దానంతటదే అలా జరిగిపోయింది. భానుశ్రీకి ఒళ్లు మండేది. అయినా చట్టం పుస్తకం మాత్రం రఘునాథ్ కంటే తనే ఎక్కువ చదివింది.

ఆరోజు ఐరాల వైపు ఊరినుంచి కోమలి అనే అమ్మాయిని తీసుకొచ్చారు. గురువారం పెళ్లి. వరుడికి రేణిగుంటలో గోడౌన్ ఉద్యోగం. ఎవరో హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అధికారులు వెళ్లి ఆపారు. బడి సర్టిఫికెట్టు ప్రకారం పిల్లకు పదహారు, ఆధార్ ప్రకారం పద్దెనిమిది.

"ఆధారే నిజం సార్" అన్నాడు తండ్రి వెంకటముని, చేతులు కట్టుకుని. "బడిలో సేర్సినప్పుడు మేము తేదీ సెప్పలేదు. అయివారే ఏందో ఒకటి రాసుకున్నాడు."

ఛైర్మన్ ప్రేమానందం గారు రిటైరైన హెడ్‌మాస్టరు. ఆయన పకపకా నవ్వారు. "నిజమేలేప్పా. నా సర్వీసులో నేనే ఎంతమందికి జూన్ నెల రాసినానో! అంతెందుకు, నా తేదీ గూడా మా అయివారు రాసిందే. మాయమ్మకు తెలిసిందల్లా ఆ పొద్దు వాన పడతా ఉన్నిందని." గదిలో అందరూ నవ్వారు. భానుశ్రీ కూడా నవ్వింది, ఆమెదీ జూన్ పుట్టుకే. ఆ నవ్వుల్లోనే కేసు తేలిపోయేలా ఉంది.

"అమ్మా భానుశ్రీ, నువ్వు సంసారివి. పక్కగదిలో ఆ బిడ్డకు నచ్చజెప్పు. ఇష్టపడి ఇంటికి పోతాండానని రాయించి సంతకం పెట్టించు" అన్నారు ఆయన.

నచ్చజెప్పడం భానుశ్రీకి కొట్టిన పిండి. మామగారి కోపాలు, ఆడబిడ్డ అలకలు ఎన్ని సర్దలేదు! "సూడమ్మా, పెద్దోళ్లు ఏం చేసినా నీ మంచికే" అని మొదలుపెట్టింది. సగంలో నాలుక ఆగిపోయింది. ఇవి తన మాటలు కావు. డిగ్రీ మొదటేడులో ఉండగా మేడ మీద కూర్చోబెట్టి పెద్దమ్మ చెప్పిన మాటలు. తల నిమురుతూ ఎంత ప్రేమగా చెప్పిందని! పెళ్లయ్యాక చదువుకోవచ్చులే అంది, తనూ తలూపింది. మళ్లీ పుస్తకం పట్టడానికి ఏళ్లు పట్టింది. ఆ అమ్మాయి ముందు కూర్చుని భానుశ్రీకి సిగ్గేసింది, ఆ వెంటనే చెప్పలేనంత కోపం వచ్చింది. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె చేసిన పని మాత్రం తన చేతికొచ్చింది.

"నేను చెప్పేది కాదులే, నువ్వు చెప్పు" అంది.

కోమలి తలెత్తింది. "ఫోన్ చేసింది నేనేక్కా. ఇంటికి పోతే నాయన కొట్టడు. ఏడస్తాడు. మాయమ్మ అన్నం తినదు. ఇంకోతూరి ఫోన్ చేసే ధైర్యం నాకు రాదు."

భానుశ్రీ ఆ మాటలను అక్షరం మార్చకుండా రాసింది. కింద, ఇంటికి పోను, టెన్త్ పరీక్ష రాస్తాను అని కోమలి తానే రాసి సంతకం పెట్టింది.

కాగితం చదివి ప్రేమానందం గారు ముఖం చిట్లించారు. "ఇదేందమ్మా, నచ్చజెప్పమంటే! పద్దెనిమిది నిండిన పిల్లయితే మన కమిటీకి సంబంధమే లేదు గదా."

"నిండలేదు సార్. చట్టం మొదట అడిగేది బడి సర్టిఫికెట్టునే. అది ఉన్నప్పుడు ఆధార్ చూడాల్సిన పని లేదు."

"అది అయివారు నోటికొచ్చినట్టు రాసిన తేదీ అని ఇప్పుడే గదా అనుకున్నాం."

రఘునాథ్ తల దించుకుని టైపు చేస్తున్నాడు. భానుశ్రీ కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది.

"మీ తేదీ గూడా అయివారు రాసిందే అన్నారు గదా సార్. మీ ఉద్యోగం, మీ రిటైర్మెంటు, మీ పెన్షను అన్నీ ఆ తేదీ మీదనే నడిచినాయి. మీకు ముప్పై అయిదేండ్లు పనికొచ్చిన తేదీ, ఈ బిడ్డ పెండ్లి కాడికొచ్చేసరికి ఎట్ల చెల్లకుండా పోయింది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెంకటముని ఛైర్మన్ వైపు చూశాడు. ప్రేమానందం గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఫైలు దగ్గరికి లాక్కుని, వయసు అని ఉన్నచోట పదహారు అని రాశారు.