కాసులమ్మ ఎదురు

విజయరత్నం చేతిలో రెండు జెండాలుండేవి, ఎర్రదొకటి, పచ్చదొకటి. పెందుర్తి రోడ్డులో ఒక కంట్రాక్టరు గోడౌన్లు కడుతున్న సైటు అది. ఎనభై మూడు ఎండాకాలం. మట్టి తోలే టిప్పర్లకీ, తట్టలు మోసే ఆడవాళ్లకీ మధ్య నిలబడి ఒకళ్లని ఆపి ఒకళ్లని వదలడమే అతని పని. కూలి అందరి కూలే, బాధ్యత మాత్రం దేవుడంత. "జెండా ఊపినందుక్కూడా డబ్బులిత్తారేటి?" అని కంచరపాలెంలో అతని పెళ్లాం ప్రేమలీల నవ్వేది. నవ్వదా మరి, ఆవిడెప్పుడైనా టిప్పరు వెనక నిలబడి చూసిందా?

టిప్పరు వెనక ఏనుగు నిలబడ్డా డ్రైవరుకి కనబడదు. అందుకే ఇంజనీరు నరసింహమూర్తిగారు గేటు పక్కన పెద్ద బోర్డు రాయించారు. బండి ముందునుంచే దాటాలి, డ్రైవరు చూశాకే దాటాలి, వెనకనుంచి దాటితే ప్రాణాపాయం అని. చదువు రానివాళ్లకి రత్నం నోటితో చెప్పేవాడు. "ముందునుంచే అప్పా. ఆడి మొకం నీకు అగుపించాల, నీ మొకం ఆడికి అగుపించాల."

గొడవంతా ఆ మొహం దగ్గరే వచ్చింది.

కాసులమ్మది భీమిలి. మొగుడు పోయి ఏడాది తిరగకుండానే ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని కూలికొచ్చింది. బొట్టు లేదు, చేతులకి గాజుల్లేవు. పొద్దున్నే టిప్పర్లు గేటు దగ్గర వరసగా నిలబడి ఉంటాయి, అదే వేళకి ఆడవాళ్లు తట్టలతో రోడ్డు దాటాలి. మొదటిరోజు కాసులమ్మ అందరితోపాటు ముందునుంచి దాటింది. ముందు బండి డ్రైవరు గంగాధరరావు ఇంజను ఆపేసి కిందికి దిగిపోయాడు.

గోదావరి మనిషి, మర్యాదస్తుడు. ఎవరినీ అండీ అనకుండా పిలవడు. ఆయన నిదానంగా మంచినీళ్లు తాగి, బండి నీడన కూర్చుని అన్నాడు. "ఆవిడ మీద నాకేం కోపం లేదండి. ముండమోపి ఎదురొచ్చాక బండి తీస్తే చక్రం కిందికి ఎవరో ఒకరు వస్తారండి. కాసేపాగి వెళ్తాను."

"వస్తే నాను సూసుకుంటాను, నువ్వు బండి తియ్యి బావా," అన్నాడు రత్నం.

"మీరు క్రైస్తవులు, మీకు తెలీదులెండి."

వెనక బండ్లు హారన్లు కొట్టాయి. మర్నాడూ అదే తంతు. మూడో బండివాడూ, నాలుగో బండివాడూ కూడా దిగి కూర్చోవడం నేర్చుకున్నారు. పని ఎగ్గొట్టడానికి అంత పుణ్యమైన సాకు ఎవడికి చేదు? కాసులమ్మ తల వంచుకుని, తట్ట అంచు కళ్లమీదికి లాక్కుని దాటేది. ఒకడు కిటికీలోంచి ఉమ్మేవాడు. రత్నానికి ఒళ్లు మండిపోయేది. మండి ఏం లాభం, అతని చేతిలో ఉన్నది జెండా కర్రే గదా.

వారం తిరక్కుండా ఇంజనీరుగారు కబురుపెట్టారు. "ఏవయ్యా రత్నం, ట్రిప్పులు పడిపోతున్నాయి. ఒక్క మనిషి కోసం బండ్లన్నీ ఆపుతావా? ఆవిణ్ణి వెనకనుంచి రమ్మను."

"బోర్డు మీరే రాయించారు గదా సార్."

"రాయించాను. నాకు ఈ శకునాల మీద నమ్మకం లేదు. కానీ పని జరగాలి. అలా కుదరదంటే ఆవిణ్ణి మాన్పించెయ్."

ఎంత బాగా చెప్పారండీ. నమ్మకం లేనివాడు కూడా నమ్మినవాడి పనే చేస్తే, ఇక ఆ చదువెందుకు, ఆ బోర్డెందుకు? రత్నం ఈ మాట పైకి అనలేదు. అతనికీ ఇల్లుంది, పెళ్లాముంది. అడకత్తెరలో పోకచెక్కలా పడి, వెళ్లి కాసులమ్మకే చెప్పుకున్నాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"పోనీ తమ్ముడా, ఎనకనుంచే ఎల్తాను. ముందునుంచి ఎల్తే తిడతన్నారు. ఎనకైతే నన్ను సూసినోడుండడు, తిట్టినోడుండడు. నాకదే బాగుంది."

"సూడకపోతేనే పెమాదం అప్పా."

"కూలి పోతే మాత్రం పెమాదం కాదేటి?"

రత్నం డ్రైవర్ల దగ్గరికీ క్లీనర్ల దగ్గరికీ వెళ్లాడు. బండి వెనక్కి రావాలంటే క్లీనరు దిగి చూసి చెయ్యి ఊపాలని, వాళ్లందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. అంతకుమించి చెయ్యగలిగింది లేదని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. మనిషి ఒకడు, దాటేది రెండు చోట్ల. ముందు నిలబడితే వెనక కనబడదు.

బండ్లు వేళకి కదిలాయి. అందరూ సంతోషంగా ఉన్నారు. కాసులమ్మ కూడా నవ్వడం మొదలుపెట్టింది, అదీ నిజమే.

ఒక పొద్దున ముందునుంచి దాటే గుంపులో నిండుచూలాలు పోతమ్మ ఉంది. పాపం, ఆయాసపడుతూ నెమ్మదిగా నడుస్తోంది. రత్నం ఎర్రజెండా ఎత్తి పట్టుకున్నాడు. గంగాధరరావు ఆమెని చూశాడు. కాస్త చోటిద్దామని, మర్యాదస్తుడు గదా, బండిని నాలుగడుగులు వెనక్కి తీశాడు. నాలుగడుగులే గదా అని క్లీనరు దిగలేదు.

తలమీద తట్ట ఉన్న మనిషి చటుక్కున పక్కకి తిరగలేదు. అరుపు కూడా వినబడలేదు. తట్ట కిందపడి ఇనుము మోగిన చప్పుడు వినబడిందంతే. రత్నం పరిగెత్తి వెళ్లేసరికి అంతా అయిపోయింది.

పోలీసులొచ్చారు. గంగాధరరావు, "చక్రం కిందికి ఎవరో వస్తారని నేను ముందే చెప్పానండి," అంటున్నాడు. ఇంజనీరుగారు ఇన్‌స్పెక్టరుని బోర్డు దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. "ఇంత పెద్ద అక్షరాలతో రాయించాం. వెనకనుంచి వెళ్లింది."

"మీరే గదా సార్ ఎల్లమన్నారు," అన్నాడు రత్నం.

"పని ఆగకూడదన్నానయ్యా. చూసుకోకుండా వెళ్లి చావమన్నానా?"

ఇన్‌స్పెక్టరు రత్నం వైపు చూడను కూడా లేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, అక్కడ పాపమంతా చచ్చినదాని కొంగులోనే మూటగట్టారు.

గంగాధరరావు బండిని పక్కకి పెట్టించారు. వెనకున్న అర్జునరావు బండి వరసలో ముందుకొచ్చింది. నలుగురు కూలీలు కాసులమ్మని గోనెపట్టాలో చుట్టి, గేటు అవతల ఉన్న వ్యానులోకి మోసుకెళ్తున్నారు. దగ్గరిదారని బండి ముందునుంచే వచ్చారు. రత్నం ఎర్రజెండా ఎత్తాడు.

అర్జునరావు బండి దిగాడు. చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి, పట్టా దాటిపోయేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ మీద ఉమ్మినవాడు వీడే. వీడిలోనూ మనిషున్నాడన్నమాట అనుకున్నాడు రత్నం, కళ్లు తుడుచుకుంటూ.

అర్జునరావు చెప్పులు తొడుక్కుని క్లీనరుని పిలిచాడు.

"సవం ఎదురొచ్చిందిరా. ఇంతకన్నా మంచి సెకునం ఉంటాదేటి? పొద్దల్లా మన బండికి తిరుగులేదు. ఎక్కు ఎక్కు."

ఇంజను గుర్రుమంది. వెనక బండివాడు హారన్ కొట్టాడు, ఆ వెనకవాడూ కొట్టాడు. ఇంజనీరుగారు దూరంనుంచి గడియారం చూపించారు. రత్నం ఎర్రజెండా దించి, పచ్చజెండా ఎత్తాడు.