ఊఁ అంటే ఒప్పుకున్నట్టా?

సెలూన్ ఆయన చిన్నకూతురి మీద తొమ్మిది కేసులున్నాయని కుట్టుమిషను పిన్ని చెప్పిందట. చెప్పింది మందుల షాపాయన భార్యతో. ఆవిడ మొగుడితో అంది. ఆయన మాత్రలు పొట్లం కడుతూ కడుతూ రిటైరైన హెడ్ కానిస్టేబుల్ చెవిన వేశాడు. మాట అక్కడికి చేరేసరికి ఆ తొమ్మిదింట్లో ఒకటి దొమ్మీ కేసు కూడా అయింది.

నిజానికి పిన్ని అబద్ధమేమీ ఆడలేదు. బ్యాగుకి జిప్పు వేయించుకోవడానికి వచ్చిన పిల్లని "ఏంటే అలా పీక్కుపోయావు" అని అడిగింది. "తొమ్మిది కేసులున్నాయి పిన్నీ, వాటితోనే చస్తున్నా" అంది పిల్ల. లా చదివేవాళ్లకి కేసంటే పాఠం. మిగతా లోకానికి కేసంటే కేసే.

పిల్ల సాయంకాలం కాలేజీలో లా చదువుతోంది. పౌరహక్కుల పేపరు రాతలో గట్టెక్కింది గానీ నోటిపరీక్షలో బోల్తా కొట్టింది. పరీక్ష చేసే పెద్దాయన ఒక్కటే అడిగాడు. "మనిషి తన నోటితో తానే ఒప్పుకున్నాక కోర్టు ఎందుకు నమ్మకూడదు?" ఆమె కేసు పేరు చెప్పింది, సంవత్సరం చెప్పింది, జడ్జీల పేర్లు గడగడా అప్పజెప్పింది. "అది సరేనమ్మా, ఎందుకు?" అన్నాడాయన. ఆమె మళ్లీ కేసు పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. రేపు మళ్లీ అదే పరీక్ష. ఈసారి కూడా తప్పితే చదువు మానేసి బావగారి బట్టల కొట్టులో కౌంటర్ దగ్గర కూర్చుంటానని అక్కకు మాటిచ్చింది. అక్క అప్పుడే ఆ కుర్చీకి మెత్త కూడా కుట్టించి పెట్టింది.

ఆ సాయంత్రం నాన్న సెలూన్లో అద్దం పక్కన పుస్తకం ముందేసుకుని కూర్చుంటే హెడ్డుగారు వచ్చారు. వెనకాలే మందుల షాపాయన. ఆయన బెంచీ మీద కూర్చుని పేపరు తెరిచాడు, చెవులు మాత్రం ఇటే.

"ఏ స్టేషనమ్మా?" అన్నారు హెడ్డుగారు గొంతు తగ్గించి.

"ఏ స్టేషనేంటి బాబాయ్?"

"నా దగ్గర దాస్తావేం. ఇప్పుడున్న ఇన్‌స్పెక్టరు నా చేతికింద పని నేర్చుకున్నవాడే. ఓ మాట వేస్తాను."

సెలూన్ ఆయన నవ్వాపుకోలేక దువ్వెన కింద పడేశాడు. "దాని కేసులన్నీ నేను పుట్టకముందువన్నా. అవి దాని పాఠాలు. కూర్చోండి, గడ్డం చేస్తాను."

హెడ్డుగారు మందుల షాపాయన వంక ఓ చూపు చూసి కుర్చీలో కూలబడ్డారు. "ఇంతకీ ఏం కేసులవి?"

"సభ పెట్టుకోనివ్వలేదని ఒకరు, పత్రిక మూయించారని ఒకరు, పోట్లాడి గెలిచినవి. నా ప్రాణం తీస్తున్నది పాలవాడి కేసు. ఎవరిదో సైకిలు పోయిందని అతన్ని పట్టుకెళ్లారు. తెల్లవార్లూ నిలబెట్టి అడిగారు. పొద్దుటికి తీశానన్నాడు. ఆ ఒప్పుకోలు చెల్లదని పైకోర్టు వదిలేసింది."

"కొట్టారా?"

"లేదు. ఊరికే నిలబెట్టారు."

"మరింకేం. ఒంటిమీద దెబ్బ పడకుండా ఒప్పుకున్నాడంటే తీసినట్టే. నా సర్వీసులో ఎంతమంది చేత ఊఁ అనిపించానో. ఊఁ అన్నాక రాసుకోవడమే మన పని."

"చెల్లదని నాకు తెలుసు బాబాయ్. ఎందుకో చెప్పడమే రావట్లేదు" అంది పిల్ల దిగాలుగా.

సెలూన్ ఆయన నురగ పూసి కత్తి పట్టాడు. బుగ్గలయ్యాయి, కత్తి గొంతు మీదికి దిగింది. కాసేపటికి దాన్ని పైకెత్తి, తువ్వాలుకు తుడిచి, అప్పుడడిగాడు. "మీసం తగ్గించమంటారా?"

"వద్దు" అన్నారు హెడ్డుగారు.

ఈ బల్ల మీదే ఎక్కాలు నేర్చుకున్న పిల్ల నాన్న అలా కత్తి ఎత్తి అడగడం లెక్కలేనన్నిసార్లు చూసింది. ఎప్పుడూ పట్టించుకోలేదు.

"నాన్నా, అడిగే ముందు కత్తి తీసేస్తావేం?"

"తియ్యకపోతే దేనికైనా ఊఁ అంటారే. మా నాన్న చేతిలో ఒకాయన అలాగే మీసం పోగొట్టుకున్నాడు."

కత్తి మళ్లీ గొంతు మీదికి వెళ్లింది. పిల్ల పుస్తకం మూసేసి లేచి వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

"బాబాయ్, మందుల షాపు గుమ్మంలో పోయిన గొడుగు మీరే తీశారు కదూ?"

సెలూన్ ఆయన చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. హెడ్డుగారి కళ్లు మాత్రం ఇటు తిరిగాయి.

"ఊఁ" అన్నారు.

మందుల షాపాయన పేపరు దించాడు. "నా గొడుగు మీరా తీసింది?"

సెలూన్ ఆయన కత్తి తీశాడు. హెడ్డుగారు గడ్డం కింద నురగతోనే వెనక్కి తిరిగారు. "నీ ముష్టి గొడుగు నాకెందుకయ్యా. చిల్లులు పడ్డదీ అదీనూ."

"మరి ఊఁ అన్నారేం బాబాయ్? మీమీద దెబ్బ కూడా పడలేదుగా" అంది పిల్ల. ఆమె మొహం వెలిగిపోతోంది. పెద్దాయనకు రేపు చెప్పాల్సింది దొరికేసింది. అక్క కుట్టించిన మెత్త మీద ఇంకెవరైనా కూర్చోవచ్చు.

హెడ్డుగారు అద్దంలో కత్తిని చూశారు.

"కత్తి గొంతు మీదుంటే ఊఁ అనక ఏమంటారే?"